జర్మనీ చూసిన నాలుక

ఆదివారం ఉదయానికి రోజారమణి వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే మేతలో బెల్లం జ్యూస్ కలిపి రొయ్యలకు పెట్టించాలి. రొయ్యలు తింటున్నాయో లేదో తెలుసుకోవడానికి గుంటలోకి తాళ్ళతో దించే చెక్ ట్రేలను మధ్యాహ్నానికి ముందు పైకి లాగితే, వాటిలో ఒక్క మేత పలుకు కూడా మిగలకూడదు. నెల్లూరు నుంచి వచ్చే ఎగుమతి కంపెనీ మేనేజరు కామాక్షయ్య గారు గట్టు మీద నిలబడి అది చూడాలి. చూసి, సరుకు మేమే తీసుకుంటాం అనాలి. అంతే. ఇందులో అబద్ధం లేదు, ఆర్భాటం లేదు, బెంగళూరు అసలే లేదు.

బెంగళూరు ఆమె భర్త శివశంకర్ పథకంలో ఉంది.

ఇద్దరికీ కావలసింది ఒకటే. గడిచిన రెండు పంటలూ దళారి గంగులయ్య చేతికే పోయాయి. గంగులయ్య గట్టు మీదికి వచ్చి, రొయ్యను మీసం పట్టి ఎత్తి, గిట్టని సంబంధాన్ని చూసినట్టు చూసి, "మెత్తగా ఉండాది శివా" అనేవాడు. గట్టిగా ఉన్న రోజున రంగు బాగాలేదనేవాడు. రంగు బాగున్న రోజున వాన వచ్చేట్టుందనేవాడు. చివరికి తను చెప్పిన ధరకే లారీ ఎక్కించేవాడు. ఈసారి కూడా సరుకు గంగులయ్యకే పోతే గుంట కౌలుకిచ్చేసి నాయుడుపేటలో కొట్టు పెట్టుకుంటానని శివశంకర్ తేల్చి చెప్పాడు. శివశంకర్ కొట్టు పెడితే ఏమవుతుందో రోజారమణికి తెలుసు. పెళ్ళైన కొత్తలో ఒకసారి పెట్టాడు.

అందుకని ఆమె జ్యూస్ మీద మరింత శ్రద్ధ పెట్టింది. బీఎస్సీలో జువాలజీ చదివిన రోజారమణికి పెళ్ళి తర్వాత దొరికిన ఏకైక ప్రయోగశాల పెరట్లోని నీలిరంగు డ్రమ్ము. నల్లబెల్లం, తవుడు, ఈస్ట్, పుల్లమజ్జిగ కలిపి పులియబెట్టి గుంటకు వాడడం ఆ తీరంలో చాలామంది చేసే పనే. అందరూ తవుడు పచ్చిగా వేస్తారు. రోజారమణి దోరగా వేయించి వేస్తుంది. అందరూ వాసన చూసి పులిసిందంటారు. ఆమె చెంచాతో కాస్త నాలుక మీద వేసుకుని చూసి, సరిగ్గా లేకపోతే ఇంకో పూట ఉంచుతుంది. పులిసినదాన్ని పలచటి గుడ్డలో వడగట్టి, తెల్ల ప్లాస్టిక్ క్యాన్లలో నురగకు చోటు వదిలి సగం వరకే పోసి, మూత వదులుగా పెట్టి, బోరు పక్కన రేకుల నీడలో తడిగోనె కింద వరసగా ఉంచుతుంది. తయారైన క్యాన్ పిడికి ఎర్ర పేలిక కడుతుంది. అత్తగారి పాత చీర చింపిన పేలికలు అందుకోసమే అక్కడ మేకుకు వేలాడుతుంటాయి. గుంట చూసుకునే పెంచల్‌కు అంతకంటే చెప్పనక్కరలేదు. ఎర్ర పేలిక ఉంటే తీసుకుపోవాలి, లేకపోతే ముట్టుకోకూడదు.

ఈ ఏర్పాటు తెలియనిది ఆ ఇంట్లో శివశంకర్ ఒక్కడికే. అతను ఆ ఛాయలకే రాడు. "ఏందే ఆ కంపు" అని దూరం నుంచే ముక్కు మూసుకుంటాడు. కామాక్షయ్య గారు వచ్చి పోయిన మర్నాడే డ్రమ్మును గుంట దగ్గరి షెడ్డుకు పంపేసి, ఆ రేకుల నీడలో కారు పెట్టుకుంటానని కూడా ప్రకటించాడు. కారు ఇంకా కొనలేదు.

ఇక శివశంకర్ పథకం. కామాక్షయ్య గారికి రొయ్యల కంటే ఇష్టమైనది ఇంకొకటి ఉందని అతనికి ఎవరో చెప్పారు. కంపెనీ తరఫున ఏదో ప్రదర్శనకని ఆయన ఒకసారి జర్మనీ వెళ్ళాడు. ఉన్నది మూడు రోజులే అయినా, మిగతా జీవితమంతా మాట్లాడడానికి సరిపడా తెచ్చుకున్నాడు. అప్పటినుంచి ఆయన బీరు తాగడు, రుచి చూస్తాడు. అలా రుచి చూసేవాళ్ళకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. దానికి ఆయనే అడ్మిన్. ఎవరింటికి వెళ్ళినా తన గ్లాసు తనే గుడ్డసంచిలో తీసుకువెళ్తాడు.

ఇది విన్నాక శివశంకర్ ఎవరిదో పెళ్ళి వంకతో బెంగళూరు వెళ్ళి, బీరు అక్కడికక్కడే తయారుచేసి పోసే ఒక బ్రూపబ్ నుంచి రెండు పెద్ద నల్ల సీసాలు తెచ్చాడు.

"డాపెల్‌బాక్ అంటారు రోజా. లాగర్ బీర్లలో బలమైన రకం. నల్లగా ఉంటాది. బార్లీని మొలకెత్తించి, వేయించి చేస్తారంట. ఫ్రిజ్‌లో గడ్డకట్టించకూడదు, ఊరికే చల్లగా ఉండాల."

"మీరు తాగి చూసినారా?"

"ఒక గుక్క. మిరియాల కషాయం మాదిరి..." అని నాలుక కరుచుకుని, "కాలిన బెల్లం, మాడిన రొట్టె, చివర్లో ఎండుద్రాక్ష" అని సవరించుకున్నాడు.

ఆ మాటలు పబ్బు గోడ మీద రాసి ఉన్నాయట. వారం రోజులుగా అతను వాటిని వల్లె వేస్తున్నాడు. టీ డికాక్షన్ గ్లాసులో పోసుకుని, వెలుతురుకు ఎత్తి పట్టి, అందులో ముక్కు దూర్చి, "చివర్లో ఎండుద్రాక్ష తగులుతుండాది సార్" అని అద్దానికి విన్నవించడం రోజారమణి తలుపు సందులోంచి చూసింది. అద్దం ఏమీ అనలేదు. ఆమె కూడా అనలేదు.

చిక్కల్లా శివశంకర్ తల్లి పేరమ్మతో. సారా ఉద్యమం రోజుల్లో ఊరి ఆడవాళ్ళను వెంటేసుకుని వెళ్ళి సారా కొట్టు పగలగొట్టిన మనిషి ఆమె. అప్పుడు చేతబట్టిన రోకలి ఇప్పటికీ వంటింటి మూల ఉంది. ప్రస్తుతం దానితో పసుపు దంచుతారు గానీ, అది తన పాత ఉద్యోగాన్ని మరచిపోయిందని ఎవరూ అనుకోరు. ఫ్రిజ్ తలుపు ఎక్కువసార్లు తీసేది కూడా పేరమ్మే. నల్ల సీసాలు ఆమె కంటపడితే కామాక్షయ్య గారు రుచి చూడడానికి గాజుపెంకులే మిగులుతాయి.

శనివారం సాయంత్రం శివశంకర్‌కు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. అతని ఆలోచనలన్నీ మెరుపుల్లాంటివే. పడినచోట ఏదో ఒకటి కాలుతుంది. క్యాన్‌ను దాచడానికి క్యాన్ల మధ్య కంటే మంచి చోటేముంది? ఖాళీ తెల్ల క్యాన్ ఒకటి కడిగి, రెండు సీసాలూ అందులోకి ఒంపి, మూత బిగించి, ముక్కు మూసుకుని వెళ్ళి జ్యూస్ క్యాన్ల వరసలో తడిగోనె కింద పెట్టాడు. తన క్యాన్‌ను తను పోల్చుకోవాలి కదా. చేతికందే దూరంలో మేకుకు ఎర్ర పేలికలు కనిపించాయి. ఒకటి తీసి పిడికి కట్టాడు. అవి అక్కడ ఎందుకున్నాయన్న అనుమానం అతనికి రాలేదు. దేవుడు తన కోసమే తగిలించాడనుకున్నాడు.

ఆదివారం తెల్లవారుతూనే పెంచల్ వచ్చాడు. గోనె ఎత్తితే ఎర్ర పేలికవి రెండు క్యాన్లు. ఒకటి పొద్దుటి మేతకు, ఇంకొకటి సాయంత్రం మేతకు కాబోలనుకుని, దగ్గరగా ఉన్నది భుజాన వేసుకుని గుంటకు వెళ్ళిపోయాడు.

కాసేపటికి శివశంకర్ వచ్చి చూశాడు. ఎర్ర పేలిక క్యాన్ ఉంది. సగం వరకూ ఉంది. నల్లగానే ఉంది. కానీ మూత వదులుగా ఉంది. రాత్రి తనే సరిగ్గా బిగించలేదనుకుని, గ్యాస్ అంతా పోయి ఉంటుందని బెంబేలెత్తిపోయి, మోకాళ్ళ మధ్య ఇరికించుకుని రెండు చేతులతో కదలకుండా బిగించి, వరండాలోకి మోసుకుపోయాడు. లోపల ఈస్ట్ ఇంకా పని మానలేదన్న సంగతి అతనికి తెలిసే అవకాశం లేదు.

రోజారమణికి ఇవేమీ తెలియవు. ఆమె వంటింట్లో రాత్రి కాచి ఉంచిన చేపల పులుసు గిన్నె మూత తీసి, పులుపు ముక్కలకు పట్టిందో లేదో చూస్తోంది. పది దాటాక వాకిట్లో కారు ఆగింది. కామాక్షయ్య గారి గొంతూ, దానికి రెట్టింపు శబ్దంతో శివశంకర్ నవ్వూ వినిపించాయి. సరిగ్గా అప్పుడే పెరటి గుమ్మంలోకి పెంచల్ ఖాళీ క్యాన్‌తో వచ్చాడు.

"అక్కా, మేతేసినా. కానీ ఈ తూరి జ్యూస్ ఏందో తేడాగా ఉండాది."

"ఏం తేడా?"

"నీళ్ళ మాదిరి జారిపోయింది. మడ్డి లేదు. నురగైతే బో లేచింది. తవుడు తక్కువేసినారేమో అనుకున్యా."

రోజారమణి గరిటె కింద పెట్టింది. తవుడు తక్కువ వేశావన్న మాట ఆ ఇంట్లో ఆమెను ఎవరూ ఇంతవరకు అనలేదు. క్యాన్ తీసుకుని మూతి దగ్గర వాసన చూసింది. కాలిన బెల్లం. మాడిన రొట్టె. చివర్లో ఎండుద్రాక్ష. వారం రోజులుగా భర్త చెబుతున్న మాటల్లో నిజం కూడా ఉందని తెలిసి ఆమె ఒక్క క్షణం ఆశ్చర్యపోయింది. మరుక్షణం ఆమె చూపు వరండా వైపు తిరిగింది. ఇది అదైతే, అక్కడ ఉన్నది ఏది?

బోరు దగ్గరికి వెళ్ళి గోనె ఎత్తింది. తను ఎర్ర పేలిక కట్టిన క్యాన్ లేదు.

వరండాలో ఢామ్మని చప్పుడైంది. కిటికీ రెక్క ఒకటి, తీరంలో రాకెట్ వదిలిన రోజుల్లో కొట్టుకున్నట్టే, కొట్టుకుంది.

లోపలి గదిలోంచి పేరమ్మ అడిగింది. "ఏమ్మే, ఈ పొద్దు రాకెట్ ఉండాదా?"

"లేదత్తమ్మా. వాకిట్లోనే."

రోజారమణి చేపల వేపుడు పళ్ళెం పట్టుకుని వరండాలోకి వెళ్ళేసరికి క్యాన్ మూత ఫ్యాన్ రెక్కకు తగిలి పూలకుండీలో పడి ఉంది. శివశంకర్ ముఖం మీద, కామాక్షయ్య గారి ఇస్త్రీ చొక్కా మీద గోధుమరంగు నురగ ఉంది. చొక్కా పాడైనందుకు ఆయనకు కోపం రావాలి. రాలేదు. ఆయన ముఖంలో భక్తి కనిపించింది.

"చూసినావా శివశంకర్. ప్రాణమున్న బీరు ఇది. సీసాల్లో అమ్మే శవం కాదు."

సంచిలోంచి గ్లాసు తీసి, రుమాలుతో తుడిచి, పోయించుకున్నాడు. వెలుతురుకు ఎత్తాడు. మూడుసార్లు గుండ్రంగా తిప్పాడు. ముక్కు లోపలికి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. రోజారమణి నోరు తెరిచింది. ఇప్పుడు చెబితే పరువు పోతుంది, కామాక్షయ్య గారు కారెక్కుతాడు, సరుకు గంగులయ్య లారీ ఎక్కుతుంది, శివశంకర్ నాయుడుపేటలో కొట్టు పెడతాడు. చెప్పకపోతే ఒక పెద్దమనిషి రొయ్యల జ్యూస్ తాగుతాడు. అందులో ఉన్నవన్నీ వంటింటి సరుకులే. తను రోజూ నాలుక మీద వేసుకునేదే. ఆమె నోరు మూసుకుంది.

ఆయన ఒక గుక్క తీసుకుని, నోట్లో అటూ ఇటూ తిప్పి, మింగాడు. గోడ మీద బల్లి కూడా కదలలేదు.

"కాలిన బెల్లం," అన్నాడు కడకు.

"అవును సార్, మాడిన రొట్టె," అన్నాడు శివశంకర్, తనూ ఒక గుక్క తాగి. "చివర్లో ఎండుద్రాక్ష తగులుతుండాది."

"నాకు ఇంకోటి కూడా తగులుతోంది. పాల పులుపు. చాలా సన్నగా. జర్మనీలో ఏదో ఒక్క ఊళ్ళోనే ఇట్లా చేస్తారు. మామూలు నాలుకకు దొరకదు అది."

పుల్లమజ్జిగ పోసిన రోజారమణి పళ్ళెం బల్ల మీద పెట్టింది.

"అసలు దీని కథ తెలుసా? అక్కడి సన్యాసులు ఉపవాసాల్లో అన్నానికి బదులు దీన్నే తాగేవాళ్ళంట. ఆహారం ఇది, మద్యం కాదు." ఇంకో గుక్క తీసుకుని తల పంకించాడు. "ఒక్క లోపం. గింజ ఇంకొంచెం వేయించి ఉండాల్సింది."

"ఇంకొంచెం వేయిస్తే చేదెక్కుతుంది," అంది రోజారమణి.

అనుకోకుండా వచ్చేసిన మాట అది. ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"మీకు తెలుసా అమ్మా?" అన్నాడు కామాక్షయ్య.

"సున్నుండలకు పప్పు వేయిస్తాం కదా సార్. అట్లా అనుకున్నా." భర్త వైపు చూసింది. "ఒకసారి లోపలికి వస్తారా, గ్యాస్ సిలిండర్ నాబ్ తిరగడం లేదు."

వంటింట్లో ఆమె ఖాళీ క్యాన్ చూపించి, నాలుగే మాటల్లో చెప్పింది. శివశంకర్ గోడకు ఆనుకున్నాడు.

"గుంటలో నా బీరు పోసినారా?"

"మేతలో కలిపి వేసినాడు. గొంతు తగ్గించండి."

"అయితే మేం తాగుతుండేది?"

"నా జ్యూస్."

"అందులో ఏమేం ఉండాయి?"

"బెల్లం, తవుడు, ఈస్ట్, మజ్జిగ."

శివశంకర్ నాలుకతో పెదవులు తడుముకున్నాడు. "నాకు ఎండుద్రాక్ష తగిలింది కదే."

"అది ఎట్లా తగిలిందో మీకే తెలియాల."

అప్పుడు అతనికి అసలు భయం పట్టుకుంది. రొయ్యలు తాగేశాయి. తాగితే చస్తాయో, వాటిని ఎగుమతి చేస్తే కంపెనీ పరీక్షల్లో దొరుకుతాయో, తనను ఎవరు అరెస్టు చేస్తారో అతనికి తెలియదు. "రొయ్యలకి బీరు తాపించినామే" అని నెత్తి పట్టుకున్నాడు. గొంతు తగ్గించమని చెప్పిన మాట అతను నెత్తి పట్టుకున్నప్పుడు జారిపోయింది. ఎకరం గుంటలో రెండు సీసాలు ఎంతని రోజారమణి లెక్క చెప్పబోయింది గానీ, పెరటి గుమ్మంలో అంతవరకు ఉన్న పెంచల్ అప్పటికే లేడు.

పెంచల్ మంచివాడు. తన చేతుల మీదుగా రొయ్యలకు హాని జరిగిందేమోనని పరుగెత్తుకుంటూ గుంటకు పోయాడు. దారిలో పక్క గుంట కాపలామనిషి ఏమైందని అడిగితే చెప్పాడు. ఆ కాపలామనిషి ఇంకెవరికీ చెప్పవద్దని ఇంకొకరికి చెప్పాడు. కామాక్షయ్య గారు రెండో గ్లాసు మధ్యలో ఉండగానే గంగులయ్య మోటార్‌సైకిల్ వాకిట్లోకి వచ్చింది. బండి దిగకుండానే మొదలుపెట్టాడు.

"శివా, మీ గుంటలో సారా పోసినారంట కదా. రొయ్యలు తాగి చిందులేస్తుండాయంట. నమస్తే సార్, తమరిక్కడే ఉండారా, నేను చూడలేదు." వాకిట్లో కంపెనీ కారు పక్కనే బండి ఆపిన మనిషి అన్న మాట ఇది.

'సారా' అన్న మాట గోడలు దాటి పేరమ్మకు వినిపించింది. అద్దాలు లేకుండా పేపరు చదవలేని పేరమ్మకు ఆ ఒక్క మాట మాత్రం ఎంత దూరం నుంచైనా వినపడుతుంది. రోకలి తీసుకుని బయటకు వచ్చింది.

"ఏ గుంటలో?" అంది.

అందరూ గట్టు మీదికి బయల్దేరారు. ముందు గంగులయ్య, వెనుక గ్లాసు చేత్తోనే పట్టుకున్న కామాక్షయ్య గారు, ఆయన వెనుక పేరమ్మ, రోకలి, వాటికి తగినంత దూరం ఉంచుతూ శివశంకర్. అందరికంటే చివర రోజారమణి నడిచింది. ఖాళీ క్యాన్‌ను దాచాలన్న ఆలోచన ఆమెకు వచ్చేలోపే, ఇదే సార్ సాక్ష్యం అని గంగులయ్య దాన్ని వంటింటి గుమ్మంలోంచి తీసుకుపోయాడు.

గట్టు మీద అప్పటికే అటూ ఇటూ గుంటలవాళ్ళు చేరి, తాగిన రొయ్యను చూసే అవకాశం మళ్ళీ రాదన్నట్టు నీళ్ళలోకి తొంగిచూస్తున్నారు. వాళ్ళ నీడలు పడి అంచునున్న రొయ్యలు నాలుగు ఎగిరాయి. నీడ పడితే రొయ్య ఎగురుతుంది. ఆ సంగతి అక్కడున్న ప్రతివాడికీ చిన్నప్పటినుంచి తెలుసు.

"చూడండి సార్, చిందులు," అన్నాడు గంగులయ్య. "కంపెనీ పేరేం కావాల. ఇట్లాంటి సరుకు నేనైతే ఏదో ఊరివాడని తీసుకుంటా గానీ, మీకెందుకు సార్ ఈ తలనొప్పి. ఇదిగో క్యాన్. వాసన చూడండి."

శివశంకర్ కళ్ళు మూసుకున్నాడు. కామాక్షయ్య గారు తన గ్లాసు పెంచల్ చేతికిచ్చి, క్యాన్ అందుకున్నాడు. ఊపాడు. మూతి దగ్గర ముక్కు పెట్టాడు. అడుగున మిగిలిన నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని నాలుకకు తగిలించుకున్నాడు. వెంటనే పక్కకు ఊశాడు.

"ఎవడయ్యా దీన్ని బీరన్నవాడు?" గంగులయ్య వైపు జాలిగా చూశాడు. "నేను ఏళ్ళ తరబడి గుంటలు తిరుగుతున్నా. ఇది బెల్లం జ్యూస్. అది కూడా చేతకాకుండా చేసినది. బెల్లం మాడింది. పులుపన్నదే లేదు. ఒట్టి చేదు. బీరంటే..." పెంచల్ చేతిలోంచి తన గ్లాసు తీసుకుని ఎండకు ఎత్తి పట్టాడు. "బీరంటే ఇది."

గంగులయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. నిపుణుడితో వాదించడం అతని వృత్తిలో లేదు. అతని వృత్తి నిపుణుడిగా ఉండడం.

కానీ పేరమ్మ ముందుకొచ్చింది. రోకలి కోడలి చేతికిచ్చి, క్యాన్ లాక్కుని వాసన చూసింది. తర్వాత కామాక్షయ్య గారి గ్లాసు పట్టుకుని, ఆయన వదలకపోతే ఆయన చేతితో సహా కిందికి లాగి, దాన్నీ వాసన చూసింది.

"ఈ క్యాన్‌లో ఉండేది తాగేది. ఏ దేశందో తెలీదు గానీ తాగేదే. సారా ప్యాకెట్లు వీధిలో కుప్పపోసి తగలబెట్టిన ముక్కు నాయనా ఇది. నువ్వు తాగుతుండేది మా కోడలు రొయ్యలకి చేసే జ్యూస్. మజ్జిగ వాసన కొడతా ఉంది, తెలీడంలా?"

గట్టు మీద తలలన్నీ గ్లాసు వైపు తిరిగాయి. నీళ్ళలోకి గాలి ఎక్కించే ఏరియేటర్ చక్రం మాత్రం తన పని తను చేసుకుపోతోంది. ఉన్న నిజమంతా, ఒక్క అక్షరం తగ్గకుండా, పదిమంది ముందు బయటపడింది. శివశంకర్ నాయుడుపేటలో ఖాళీగా ఉన్న కొట్ల గురించి ఆలోచించడం మొదలుపెట్టాడు.

కామాక్షయ్య గారు నవ్వాడు. పెద్దవాళ్ళ మీద గౌరవం ఉన్నవాళ్ళు నవ్వే నవ్వు అది.

"అమ్మా, ఇది జర్మనీ రకం. ఉపవాసాల్లో తాగే పవిత్రమైన వస్తువు."

"ఉపవాసమా? మా ఊళ్ళో తాగినోళ్ళ పెళ్ళాలకి ఉండేది నాయనా ఉపవాసం."

గట్టు మీద ఎవరో కిసుక్కుమన్నారు. కామాక్షయ్య గారి నవ్వు కొంచెం తగ్గింది. ఆయన రోజారమణి వైపు తిరిగాడు.

"మీరు చదువుకున్నవాళ్ళలా ఉన్నారు, మీరు చెప్పండమ్మా. ఎవరి మాట నిజం?"

అందరూ ఆమెను చూశారు. ఇన్నేళ్ళలో ఆమె డ్రమ్మును ఒకరు మెచ్చుకోవడం ఇదే మొదలు. అది నా చేతిదే అని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట నాలుక చివరే ఉంది. దాని వెనకే గంగులయ్య లారీ కూడా ఉంది. రోజారమణి రోకలిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"మా అత్తమ్మ ముక్కు మంచిదే సార్," అంది నెమ్మదిగా. "కానీ ఆమె జర్మనీ పోలేదు కదా."

"అదీ మాట," అన్నాడు కామాక్షయ్య గారు. ఆయన ప్రాణం కుదుటపడింది. "ఈ క్యాన్ జ్యూస్ సంగతి అయినా దాచకుండా ఒప్పుకోండి. మీ ఇంటి క్యానే కదా?"

"మా ఇంటి క్యానే సార్."

"ఏమీ అనుకోకండి. జ్యూస్ మీకు చేతకావడం లేదు. తవుడు కొంచెం వేయించి వేయండి. కాస్త మజ్జిగ పోయండి. నాలుక మీద వేసుకుని చూస్తే మీకే తెలుస్తుంది."

"అట్లాగే సార్," అంది రోజారమణి. రోకలిని గట్టు మట్టిలో ఒక్క పోటు పొడిచింది గానీ ఎవరూ చూడలేదు.

అప్పటికి పెంచల్ చెక్ ట్రేలు పైకి లాగాడు. కడిగిన పళ్ళేల్లా ఉన్నాయి. ఒక్క పలుకు లేదు. కామాక్షయ్య గారు రొయ్యను పట్టుకుని నొక్కి చూశాడు. గట్టిగా ఉంది. వెలుతురుకు పట్టి చూశాడు. పేగు నిండుగా ఉంది. ఇంత చెడ్డ జ్యూస్‌తో కూడా ఇంత మంచి సరుకు తీశారంటే మీ నీళ్ళే గొప్పవని శివశంకర్ భుజం తట్టి, సరుకు కంపెనీయే తీసుకుంటుందని అందరి ముందూ చెప్పాడు. గంగులయ్య వాన వచ్చేట్టుందని గొణిగి బండెక్కాడు. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు.

చేపల పులుసుతో భోజనం చేసి వెళ్తూ కామాక్షయ్య గారు మిగిలిన లాగర్‌ను క్యాన్‌తో సహా కారులో పెట్టించుకున్నాడు. శివశంకర్ మూత బిగించబోతుంటే రోజారమణి వారించింది.

"వదులుగా పెట్టండి. కారులో అద్దాలు ఉండాయి."

ఆ సాయంత్రం పేరమ్మ రోకలి మూలన పెడుతూ కోడలిని అడిగింది. "నేను చెప్పింది తప్పా అమ్మే?"

"కాదత్తమ్మా. రెండూ కరెక్టే."

"మరెందుకు ఒక్కడూ నమ్మలా?"

"మీకు గ్లాసు లేదు కదత్తమ్మా," అంది రోజారమణి.

డ్రమ్ము గుంట షెడ్డుకు పోలేదు. దాని పక్కన రెండోది చేరింది. అది కొని తెచ్చింది శివశంకరే. ఎందుకంటే వారం తిరక్కుండానే కామాక్షయ్య గారి గ్రూపులో ఆ లాగర్ గురించి పెద్ద చర్చ జరిగి, అది ఏ బ్రూపబ్‌దో చెప్పాల్సిందేనని ఆయన ఫోన్ మీద ఫోన్ చేశాడు. శివశంకర్ భయపడి, నిజాయితీగా బతకడమే మేలనుకుని, మళ్ళీ బెంగళూరు వెళ్ళి అదే పబ్బులో అవే నల్ల సీసాలు కొని, మూత తీయకుండా ఆయనకు అందించాడు. కామాక్షయ్య గారు ఒక్క గుక్క తాగి, ఎవరో నిన్ను మోసం చేసి గుంట జ్యూస్ అంటగట్టారని సీసాలు వెనక్కి ఇచ్చేశాడు. ఆ తర్వాత పంటకు రోజారమణి తన జ్యూస్ క్యానే ఆయనకు పంపింది. తవుడు మాత్రం ఎప్పుడూ వేయించినంతే వేయించింది. ఈసారి వేయింపు కుదిరిందని ఆయన మెచ్చుకుంటూ మెసేజ్ పెట్టాడు.

ఆయన వెనక్కి ఇచ్చిన సీసాలను శివశంకర్ ఎక్కడ దాచాలో తెలియక పెంచల్‌కిచ్చాడు. పెంచల్ వాటిని అలవాటు ప్రకారం మేతలో కలిపి వేశాడు. మధ్యాహ్నానికి ట్రేలు ఖాళీ అయ్యాయి. రొయ్యలు మాత్రం రెండింటిలో ఏది మంచిదో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.